లాకుల దగ్గర కేక

బడి వెనక ఇల్లు, మేడ మీది గది
జనవరి, ఆదివారం

వదినా,

ఫోన్లో అడిగినప్పుడల్లా "కనుక్కుని చెప్తా" అని పెట్టేస్తున్నావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు కదా, అందుకే రాస్తున్నా.

ఈ ఎండాకాలం సెలవులకి మనమంతా సరస్సుకి వెళ్తున్నాం. వెళ్దామా అని అడగడం లేదు, వెళ్తున్నామని చెప్తున్నా. డ్రిల్లు టీచరు బుద్ధి, ఏం చేస్తాం! మా సైన్సు టీచరు పోయినేడు వెళ్లొచ్చి ఫోటోలు చూపించింది. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్లు, ఒడ్డునే చెక్క గదులు. తొక్కుడు పడవలున్నాయి, అద్దె సైకిళ్లున్నాయి, కొండ మీదికి నడిచి వెళ్లే దారి ఉంది. మా బుడంకాయ అప్పుడే సంచీ సర్దేసింది. సంచీ నిండా గులకరాళ్లే. సరస్సులోకి విసరడానికట. మా ఆయనకి మందుల షాపు వదిలి రావడం కుదరదు, కాబట్టి పాపా నేనూ, నువ్వూ అన్నయ్యా.

అసలు సంగతి వేరే ఉంది. ఆ సరస్సులోంచి పాత కాలవ ఒకటి బయల్దేరుతుంది. ముత్తాతల నాడు సరుకుల పడవలు నడిచిన కాలవ. కొండవాలు మీద మెట్లు మెట్లుగా దిగుతుందట, మెట్టు మెట్టుకీ ఒక లాకు. పడవని రెండు గేట్ల మధ్య నిలబెట్టి, లోపలి నీళ్లు కొంచెం కొంచెంగా వదిలేసి, కింది మట్టానికి దించుతారు. చిన్న ఇంజను పడవ తీసుకుని మనమే నడుపుకోవచ్చు. బస్సు డిపోలో అంత పెద్ద మెకానిక్కుని ఇంట్లో పెట్టుకుని, వేరేవాళ్లు నడిపితే కూర్చుంటామా?

అన్నయ్యని ఒకసారి ఫోన్ చెయ్యమను. నేను చేసినప్పుడల్లా నువ్వే ఎత్తుతావు. స్నానం చేస్తున్నాడంటావు, పడుకున్నాడంటావు, మళ్లీ స్నానం అంటావు. మనిషన్నవాడు అన్ని స్నానాలు చేస్తాడా వదినా? ఏం చేస్తున్నావు మా అన్నయ్యని?

నీ మరదలు


బస్టాండు వెనక వీధి, కుట్టు గది
జనవరి, గురువారం

మరదలు పిల్లకు,

నీ ఉత్తరం కాజాలు కుట్టుకుంటూ చదివాను. ఒక కాజా ఒంకర పోయింది, ఆ పాపం నీదే.

సరస్సు సంగతి చెప్పగానే మీ అన్నయ్య సంబరపడ్డారు. నేనూ వస్తాను. కాకపోతే బడి యూనిఫారాలు అప్పజెప్పి రావాలి కాబట్టి మీ తర్వాత మూడు నాలుగు రోజులకి బయల్దేరతాను. కొన్ని మాటలు మాత్రం ముందే చెప్తున్నా, విసుక్కోకు. సైకిళ్లు వద్దు. ఆ దారిలో వెనకనుంచి బళ్లొస్తాయి. మైకు పట్టుకుని చరిత్ర చెప్పే గైడు పడవ వద్దు. భోజనాల హాల్లో గోడవార బల్ల దొరుకుతుందేమో అడుగు, మీ అన్నయ్య గోడకి వీపు పెట్టి కూర్చోవాలి, పైన లైటు ఉండాలి. జనం గోల లేని గది తీసుకో. చేపలు పట్టడం, కొండెక్కడం, నీళ్లల్లో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం, ఇవన్నీ మహారాజులా చేస్తారు. పడవ నడపడం మాత్రం ఆలోచిద్దాం.

ఇంకో మాట. ఫోన్లు మాని రాస్తూ ఉండు. నేను ఫోన్లో మాట్లాడుతుంటే మీ అన్నయ్య ఎదురుగా కూర్చుని నా మొహం వంకే చూస్తుంటారు. ఒక్క మాట మాట్లాడనివ్వరు. ఉత్తరాలు కూడా ఇంటికి కాదు, ఈ కుట్టు గది చిరునామాకే రాయి.

పాపకి ముద్దులు. గులకరాళ్లు అక్కడే దొరుకుతాయని చెప్పు.

మీ వదిన


బడి, స్టాఫ్ రూము
ఫిబ్రవరి, సోమవారం

వదినా,

పెళ్లయిన ఇన్నేళ్లకి మొహం చూస్తూ కూర్చోవడం మొదలైందా! మీ ఆయనకి ఇంత సరసం ఉందని మాకెవరికీ తెలీదు. నవ్వుకున్నాను. తర్వాత ఉత్తరం మళ్లీ చదివితే నవ్వు రాలేదు.

అన్నయ్యకి సైకిల్ వద్దా? నాకు సైకిల్ నేర్పింది ఎవరు? గోడకి వీపు పెట్టి కూర్చోవాలా? ఎప్పట్నుంచి? ఉత్తరాలు ఇంటికి రాయకూడదా? నా ఉత్తరం మా అన్నయ్య చేతికి దొరికితే కొంపలేమైనా మునిగిపోతాయా?

అందుకే నేనూ ఒక పని చేశాను. నిన్న డిపోకే ఫోన్ కొట్టాను. ఎత్తినతను "మీ అన్నగారు ఇంజను వింటున్నారమ్మా, ఉండండి" అన్నాడు. ఆ దృశ్యం నాకు కళ్లకి కట్టింది. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజను మీద పెట్టి, పిడి చెవి వెనక ఆనించుకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉంటాడు. ఏ బేరింగు పోయిందో అలా వినే చెప్పేస్తాడుగా. మొత్తానికి వచ్చాడు. ఎలా ఉన్నావన్నాను. "సరే సరే" అన్నాడు. నామీద కోపమా అన్నాను. "అలాగే" అన్నాడు. ఒళ్లు మండి, "అసలు నేను బతికున్నానా చచ్చానా నీ లెక్కలో?" అని అడిగాను. "మంచిది, వదినతో మాట్లాడు" అని పెట్టేశాడు.

మంచిదట! సొంత చెల్లెలితో మాట్లాడే మాటలు అవేనా? ఎవరో అప్పజెప్పిన పాఠంలా ఉంది. ఆ పాఠం చెప్పిందెవరని నేను అడగను. నువ్వే చెప్పు.

నీ మరదలు


కుట్టు గది
మార్చి

మరదలికి,

జవాబు ఆలస్యమైంది. రాద్దామని కూర్చోవడం, చించెయ్యడం, ఇదే పనైంది.

నేను ఎవరికీ పాఠాలు చెప్పలేదు. డిపోలో రొద ఎలా ఉంటుందో నీకు తెలుసు. పని మధ్యలో పిలిస్తే ఏ మగాడైనా అలాగే మాట్లాడతాడు. ఆయనకి నీమీద కోపం లేదు. నీ పెళ్లిలో తీసిన ఫోటో ఇప్పటికీ ఆయన పనిపెట్టె మూత లోపలే అంటించి ఉంది. మీ అన్నాచెల్లెళ్ల మధ్య దూరేంత తీరిక నాకు లేదు, ఆ బుద్ధి అంతకంటే లేదు. నువ్వు నన్ను ఇంతకాలం చూసి ఈ మాట అన్నావంటే, నాకు బాధగానే ఉంది.

సరస్సుకి వెళ్దాం. అందరం సరదాగా ఉందాం. కానీ ఆ పడవ అద్దెకి తీసుకోకు. ఎందుకని అడక్కు. నామీద ఏమాత్రం అభిమానం ఉన్నా ఈ ఒక్క మాట విను.

మీ వదిన


బడి వెనక ఇల్లు
ఏప్రిల్

గౌరవనీయులైన వదినగారికి,

ఇకమీద మిమ్మల్ని మీరనే అంటాను. దూరపువాళ్లతో అలాగే మాట్లాడాలి కదా.

పోయిన శనివారం బడుల మధ్య పోటీలకని పిల్లల్ని తీసుకుని మీ ఊరు వచ్చాను. మీకు చెప్పలేదు. చెప్తే మళ్లీ స్నానాలు మొదలవుతాయని భయం. సాయంత్రం పిల్లల్ని బడి బస్సు దగ్గర వదిలి మీ వీధికి వచ్చాను. రోడ్డు దాటుతూ అన్నయ్య కనిపించాడు, చేతిలో రొట్టెల పొట్లం. "అన్నయ్యా!" అన్నాను. నా గొంతు సంగతి మీకు తెలుసు. మైదానం ఈ చివర అరిస్తే ఆ చివర పిల్లలు వరసలో నిలబడతారు. ఆ బస్సుల మోతలో కూడా కూరగాయలావిడ తిరిగి చూసింది, వీధికుక్క తిరిగి చూసింది. అన్నయ్య తిరగలేదు. మళ్లీ పిలిచాను. మళ్లీ పిలిచాను.

మీరు తిరిగారు. కుట్టు గది కిటికీలోంచి నన్ను చూశారు. చూడలేదని మాత్రం అనకండి, మన కళ్లూ కళ్లూ కలిశాయి. మరుక్షణం పరిగెత్తుకొచ్చి, మా అన్నయ్య చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయారు. నేను అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాను. బస్సులో పిల్లల ముందు ఏడవకూడదని పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

మా అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే అన్నయ్య ఒక్కడే. ఆ ఇంటి తలుపు మీ చేతిలో ఉంది, మీరు గడియ పెట్టేశారు. ఏం పాపం చేశానని?

పడవ వద్దన్నారుగా. తీసుకున్నాను. కాగితాలు డిపో చిరునామాకి, నేరుగా అన్నయ్యకే పంపాను. నడిపేది తనేనని సంతకం పెట్టి పంపించాడు. అడుగున "ఇంజను నేను చూసుకుంటా, నువ్వు బుడంకాయని చూసుకో" అని రాశాడు. మీరు దగ్గర లేనప్పుడు మా అన్నయ్య నాతో ఎంత బాగా మాట్లాడతాడో చూశారా?

పడవ ముందు పాప కూర్చుంటుంది, గట్టు గుంజకి చుట్టిన తాడు నేను పట్టుకుంటాను, వెనక అన్నయ్య. లాకులో ఒక్కటే జాగ్రత్తట. నీళ్లు దిగుతుంటే వెనక గేటు కింద ఒక రాతి మెట్టు బయటపడుతుంది. పడవ తోక దానిమీద చిక్కుకుంటే ముక్కు నీళ్లలోకి దిగిపోతుంది. అందుకే గట్టు మీదినుంచి లాకుల మనిషి "ముందుకి", "ఆపు" అని కేకలేస్తుంటాడు. నడిపేవాడి చెవి ఆ కేక మీదే ఉండాలి. మా అన్నయ్యకి అదొక లెక్కా!

మీరు రాకపోయినా పరవాలేదు.

ఇట్లు
మీ ఆడపడుచు


కుట్టు గది
ఏప్రిల్, ఉత్తరం అందిన రోజే

నా బంగారు తల్లీ,

ఆ పడవలో పాపని ఎక్కించకు. మీ అన్నయ్యకి చెవులు వినపడవు.

రాసేశాను. ఆయన తన తలమీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నారు, ఎవరికీ చెప్పనని, నీకు అసలే చెప్పనని. ఆ ఒట్టు పోతే పోయింది. నన్నేమైనా అననీ. నీ ఉత్తరంలో ఆ రాతి మెట్టు సంగతి చదివాక నా చెయ్యి ఆగలేదు.

రెండేళ్లుగా తగ్గుతూ వచ్చింది. మొదట్లో నేనే గొణుగుతున్నానని నన్ను కసిరేవారు. ఇప్పుడు ఎదురుగా ఉంటే నా పెదాలు చూసి మాట పోల్చుకుంటారు. అందుకే మొహం చూస్తారు, సరసమేం కాదు. అందుకే గోడకి వీపు, పైన లైటు. నీతో ఫోన్లో నిజం మాట్లాడదామన్నా ఎదురుగా కూర్చుని చదివేస్తారు. ఉత్తరం ఇంటికొస్తే పోస్టంతా తీసేది ఆయనే. ఫోన్లో నువ్వేమన్నావో ఒక్క ముక్క తెలీక "సరే సరే" అని, ఇంటికొచ్చి "చెల్లి ఏమడిగిందో నువ్వే కనుక్కో" అన్నారు. బతికున్నానా చచ్చానా అని నువ్వడిగిన మాట ఆయనకి నేను చెప్పలేదు.

డిపోలో ఎవరికీ తెలీదు. ఎందుకంటావా? ఆ స్క్రూడ్రైవరు. పిడి చెవి వెనక ఎముకకి ఆనించుకుంటే ఇంజను గుండె మునుపటిలాగే వినిపిస్తుందట. మొన్న నా మిషను బల్ల మీద గడ్డం ఆనించి కూర్చుని "సూది వంగింది చూడు" అన్నారు. చూస్తే నిజంగానే వంగి ఉంది. అదే మనిషి, పక్కన కుక్కరు కూత పెడితే వినలేరు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మంకుపట్టు. చెవి పోయిందని తెలిస్తే డిపోలో ఇంజన్ల దగ్గర్నుంచి లేపి కాగితాల బల్ల దగ్గర కూర్చోబెడతారని భయం.

ఆ శనివారం నిన్ను చూసిన మాట నిజం. నీ వెనకే బస్సు మలుపు తిరిగింది. హారన్ కొడుతూనే ఉంది. ఆయన రోడ్డు మధ్యలో రొట్టెల పొట్లం సర్దుకుంటున్నారు. ఆయన్ని లోపల కూర్చోబెట్టి బయటికొచ్చేసరికి నువ్వు లేవు. వీధి చివరిదాకా వచ్చాను తల్లీ.

నీకెందుకు చెప్పొద్దన్నారో కూడా చెప్పేస్తా. "అది చిన్నప్పుడు బల్లిని చూసినా, ఉరుముకి భయపడినా, అన్నయ్యా అని ఒక్క అరుపు అరిచేది. ఎక్కడున్నా పరిగెత్తేవాణ్ణి. ఇక అరిచినా నాకు వినపడదని దానికి తెలియకూడదు" అన్నారు. ఆ మాట విన్నాకే ఒట్టు వేశాను.

పడవ మానిపించు. ఎలా మానిపిస్తావో నీ ఇష్టం. నేను చెప్పానని మాత్రం ఆయనకి తెలియనివ్వకు. ఆ ఇంట్లో ఆయన నమ్మేది నన్నొక్కదాన్నే.

మీ వదిన


బడి వెనక ఇల్లు
ఏప్రిల్, మర్నాడే

వదినా,

నువ్వే. ఇంక ఎప్పటికీ నువ్వే. ఆ "మీరు" అన్న కాగితం పొయ్యిలో పడెయ్. నన్ను తిట్టు, ఎదురుగా దొరికినప్పుడు రెండు తగిలించు కూడా. పొద్దున్నుంచి ఏడుస్తున్నాను. మా ఆయన కంగారుపడి తలనొప్పి మాత్ర ఇచ్చాడు.

పడవ మానిపించను. ఆగు, తిట్టకు. ఇప్పుడు మానిపిస్తే అన్నయ్య కారణం అడుగుతాడు. నా మొహం చూసి చదివేస్తాడు. పైగా ఇంజను నేను చూసుకుంటానని అంత ముచ్చటగా రాసినవాణ్ణి ఒడ్డున కూర్చోబెట్టే చెయ్యి నాకు లేదు. పాపని మాత్రం గట్టు మీద నడిపిస్తాను. సైన్సు టీచరు కూడా వస్తానంది, దాని చెయ్యి పట్టుకుంటుంది. పడవలో నేనూ అన్నయ్యే. నాకు ఈత వచ్చు, అన్నయ్యకీ వచ్చు.

లాకుల మనిషికి ముందే వెళ్లి చెప్పుకుంటా. కేకలొద్దు, జెండాలు ఊపమంటా. తెల్లది ఊపితే ముందుకి, ఎర్రది ఊపితే ఆపు. అన్నయ్య అడిగితే డ్రిల్లు టీచరు పిచ్చి అని చెప్తా, నమ్మేస్తాడు. నువ్వు రెండు జెండాలు కుట్టి పంపు. నా కుట్టు సంగతి నీకు తెలుసుగా.

నీ ఒట్టు నా దగ్గర భద్రం. చచ్చినా బయటపెట్టను.

నీ మరదలు


కుట్టు గది
మే

మరదలు పిల్లా,

జెండాలు పొట్లంలో ఉన్నాయి. యూనిఫారం గుడ్డే, గాలికి చిరగకుండా అంచు రెండు వరసలు కుట్టాను. నాకు భయంగానే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి నేనూ వచ్చేస్తా.

వదిన


సరస్సు ఒడ్డు, చివరి చెక్క గది
మే, బుధవారం

వదినా,

ముందే చెప్తున్నా, అందరం క్షేమం. ఇక తీరిగ్గా చదువు. పొద్దున్నే వచ్చిన పోస్టు బండి సాయంత్రం తిరిగి వెళ్తుందట, రేపటికి నీకు అందుతుంది.

సరస్సు ఫోటోలో కంటే పెద్దది. అన్నయ్య నిన్నంతా చేపల గాలం పట్టుకుని కూర్చున్నాడు, ఒక్క చేప పడితే ఒట్టు. బుడంకాయ పక్కన చేరి రాళ్లు విసురుతుంటే ఏం పడతాయి! భోజనాల దగ్గర గోడవార బల్లే దొరికింది. ఎదురుగా నేను కూర్చున్నా. కాస్త నెమ్మదిగా, నోరు బాగా తెరిచి మాట్లాడితే ఎన్ని కబుర్లు చెప్పాడనుకున్నావు! అన్నయ్య మాట్లాడడం మానేశాడని ఏడ్చాను కదా. నేను ఎదురుగా కూర్చోవడం మానేశాను, అంతే.

ఇవాళ కాలవకి వెళ్లాం. లాకుల మనిషి పెద్దాయన, జెండాలిస్తే ముచ్చటపడి తీసుకున్నాడు. పడవ లోపలికి వెళ్లింది, వెనక గేట్లు మూశారు. నీళ్లు దిగుతుంటే రెండు వైపులా గోడలు పైకి లేస్తున్నట్టుంది. నాచు పట్టిన రాళ్లు, ఒకటే చెమ్మ. తెల్ల జెండా ఊగింది, అన్నయ్య కాస్త ముందుకి తీశాడు. ఎర్రది ఊగింది, ఆపాడు. నేను తాడు కొంచెం కొంచెంగా వదులుతూ కూర్చున్నా.

సగం దిగాక పడవ తనంతట తనే వెనక్కి జారింది. ఆ నల్లటి మెట్టు పడవ తోక కిందికి వచ్చేసింది. పెద్దాయన కంగారులో జెండాలు మర్చిపోయాడు. ఎన్నేళ్లుగానో కేకలేసిన నోరు కదా! జెండాలు రెండూ చేతిలో వేలాడుతున్నాయి, "ముందుకి! ముందుకి!" అని గొంతు చించుకుంటున్నాడు. అన్నయ్య వంగి ఇంజను వంక చూస్తున్నాడు. తోక రాతికి కర్రుమని రాసుకుంది. నేను "అన్నయ్యా" అని అరిచాను వదినా. తెలిసి కూడా అరిచాను. అరిచి, తాడు వదిలేసి, వెళ్లి అన్నయ్య కళ్ల ముందు నిలబడి, మైదానంలో పిల్లల్ని తోలినట్టు రెండు చేతులూ ముందుకి విసిరాను. ఒక్క చూపు చూశాడు. ఇంజను గర్జించింది. పడవ మెట్టు మీదనుంచి ఊడి ముందుకి దూకింది. నేను వెల్లకిలా పడ్డాను, మోచెయ్యి దోక్కుపోయింది, అంతకంటే ఏం లేదు.

కింది గేటు దాటాక అన్నయ్య పడవని గట్టు పక్కకి చేర్చాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, ఇంజను మీద పెట్టి, పిడి చెవి వెనక ఆనించుకుని విన్నాడు. దానికేం దెబ్బ తగల్లేదని తేలాక తలెత్తకుండానే అడిగాడు.

"మీ వదిన చెప్పేసిందా?"

ఏం చెయ్యను? అబద్ధమాడాలి. మొహం చూపించి ఆడితే దొరికిపోతాను. అందుకని మొహం అటు తిప్పేసుకుని, ఆ స్క్రూడ్రైవరు కొస ఇంజను మీదనుంచి లాగి నా దవడకి ఆనించుకున్నా. నీ ఉత్తరంలో మిషను బల్ల సంగతే గుర్తొచ్చింది. పిడి ఇంకా తన చెవి వెనకే ఉంది. వినపడుతుందో లేదో తెలీదు, అందుకని ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను.

"వదిన నాకేం చెప్పలేదు! నేనే కనిపెట్టాను! ఆ జెండాలు కూడా నేనే కుట్టాను!"

గట్టు మీద బుడంకాయ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. అన్నయ్య మెల్లగా అన్నాడు.

"అరవకే. వినిపిస్తోంది."

వదినా, నాకింక ఏడుపు ఆగలేదు. అన్నయ్య కళ్లు కూడా తడిశాయి, కానీ నవ్వుతున్నాడు. "బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకునేదానివి, నువ్వు జెండాలు కుట్టావా? అంచుకి రెండు వరసలు కుట్టేది ఎవరో నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు. అప్పుడు నా చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని, దాంతోనే గట్టు వైపు చూపించి, "మీ వదినకి రాయి, ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశానని" అన్నాడు.

ఎముకకి వినిపిస్తుంటే ఏదో దారి ఉంటుందేమో డాక్టరు చెప్తాడు కదా అన్నాను. ఈసారి ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి అన్నాను. "మీ వదిన రానీ" అన్నాడు. నాకది చాలు.

శుక్రవారం బస్టాపుకి తనే వస్తానంటున్నాడు. బస్సు దిగగానే వెనకనుంచి పిలవకు, ఎదురుగా రా.

నీ మరదలు